కాచుట వేరు, కాల్చుట వేరు



తెలుగులో 'కాచు' అనే క్రియకు పలు అర్థాలున్నాయి. పాలు కాచుట, నీళ్ళు కాచుట అన్నప్పుడు వేడిచేయడమని అర్థం. పొలం కాచుట, పశువులను కాచుట అన్నప్పుడు కాపాడడమని అర్థం. నేనీ టపాలో ముచ్చటించబోయే విషయంలో ఈ రెండర్థాలూ ఒక్కచోట కలుస్తాయి. ప్రొద్దున్నే మోటారు సైకిలు ఇంజనును సరిగా కాచినవాడే దానిని కాచుకొన్నవాడు. కాచడం తెలియక గర్రుగర్రుమని రేజు చేసేవాడు కాచడం లేదు, కాలుస్తున్నాడు. పెట్రోలును, ఇంజనును, ఇరుగుపొరుగు వారి ఊపిరితిత్తులను కూడా.

"తెలుగు పండితుడికి ఇంజను గొడవ ఎందుకయ్యా, ఛందస్సో వ్యాకరణమో వ్రాసుకోక" అని మీలో కొందరనుకోవచ్చు. ముప్పది మూడేళ్ళ ఉద్యోగంలో సగానికి పైగా, బస్సు ఉదయమొకసారీ సాయంత్రమొకసారీ మాత్రమే వచ్చే ఊళ్ళలోనే పనిచేశాను. మోటారు సైకిలు లేకపోతే మొదటి గంట పాఠం లేదు. పద్యం ఎంత శ్రద్ధగా చదివానో బండి కూడా అంత శ్రద్ధగానే చూసుకొన్నాను. పైగా ఇది యంత్రశాస్త్రానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, మర్యాదకు సంబంధించినది. మర్యాద బోధించడం మా వృత్తిలో భాగం.

విషయానికి వస్తాను. రాజమహేంద్రవరంలో మేముండే అపార్టుమెంటుకు క్రింద స్తంభాల మధ్య పార్కింగు ఉన్నది. ఆ పార్కింగులో ఒక మూల, మెట్ల ప్రక్కన, వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది. ఆ గదికి ఒక్కటే కిటికీ. అది తెరుచుకొనేది పార్కింగులోకే. అందులో భార్యాభర్తలూ, నాలుగో తరగతి చదివే ఒక పిల్లవాడూ ఉంటారు. ఉదయం ఐదున్నర మొదలు ఏడున్నర దాకా ఆ కిటికీ ఎదుట ఒకటి తరువాత ఒకటిగా బళ్ళు స్టార్టవుతాయి. వ్యాయామశాలకు పోయేవారూ, కాలేజీకి పోయేవారూ, ఉద్యోగాలకు పోయేవారూ. ఒక్కొక్కరూ బండిని స్టాండు మీదనే ఉంచి, మూడు నుంచి పది నిమిషాల పాటు 'ఇంజను వేడెక్కిస్తారు'. కొందరు దానిని అలా వదిలి పైకి వెళ్ళి కాఫీ తాగి వస్తారు. కొందరు ప్రక్కనే నిలబడి, ఫోను చూసుకొంటూ, కుడిచేత్తో రేజు చేస్తూ ఉంటారు. సైలెన్సర్ల మూతులు చాలావరకు ఆ కిటికీ వైపే.

ఒకరోజు ఆ వాచ్‌మన్‌ను అడిగాను, "నాయనా, వాళ్ళతో ఒక్కమాట చెప్పకూడదా?" అని. "మేమెలా చెబుతామండీ పంతులుగారూ, వాళ్ళు మెయింటెనెన్సు కట్టేవాళ్ళు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. అతడు చెప్పలేడు గనుక నేను చెబుతున్నాను. ఈ టపాకు కారణమదే.

ఇలా వేడెక్కించేవారిలో దుర్మార్గులెవ్వరూ లేరు. అందరూ మంచివారే. తమ బండికి మేలు చేస్తున్నామని మనసారా నమ్మి చేస్తున్నారు. కాబట్టి తిట్టి ప్రయోజనం లేదు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తర్కించాలి. మన శాస్త్రగ్రంథాలలో పద్ధతి అదే. ముందు ఎదుటివాని వాదాన్ని పూర్వపక్షంగా నిలబెట్టి, దానిని ఖండించి, తరువాత సిద్ధాంతం చేయాలి. నేనూ అలాగే చేస్తాను.

ముందుగా, అందరం ఒప్పుకోవలసిన సంగతులు నాలుగు చెబుతాను.

రాత్రంతా నిలిచిన బండిలో ఇంజను ఆయిలు చాలావరకు జారి అడుగుకు చేరుతుంది. పైనున్న వాల్వుల దగ్గరా, సిలిండరు గోడల మీదా పలుచని పొర మాత్రమే మిగులుతుంది. ఇది మొదటి సంగతి. మన దేశంలో ఎన్నో బళ్ళకు వాడే 20డబ్ల్యూ-40 ఆయిలు, 40 డిగ్రీల వేడి వద్ద ఉండే చిక్కదనం, 100 డిగ్రీల వద్ద ఉండే చిక్కదనానికి సుమారు ఎనిమిది రెట్లు. ఉదయపు చలిలో ఇంకా చిక్కన. ఇది రెండవది. పిస్టను అల్యూమినియంతో చేసినది, దాని చుట్టూ ఉండే సిలిండరు లోపలి పొర చాలా బళ్ళలో పోత ఇనుముది. వేడికి అల్యూమినియం ఇనుముకన్న ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుచేత బండి తయారుచేసేటప్పుడే ఆ రెంటి మధ్య కొంత సందు ఉంచుతారు. చల్లని ఇంజనులో ఆ సందు ఎక్కువ, వేడెక్కిన ఇంజనులో సరిపోయేంత. ఇది మూడవది. పెట్రోలు ఆవిరైతేనే సరిగా మండుతుంది. చల్లని ఇంజనులో సరిగా ఆవిరి కాదు. అందుకే తొలుత పెట్రోలు పాలు ఎక్కువగా ఇవ్వవలసి వస్తుంది. పాత బళ్ళలో చోకు చేసే పని అదే. ఇది నాలుగవది.

ఈ నాలుగు సంగతులను బట్టి ఇంజనుకు వేడి అవసరమన్న మాట నిర్వివాదం. వివాదమంతా ఆ వేడిని ఎలా తేవాలన్నదే.

మొదటి పూర్వపక్షం: "స్టార్టు చేయగానే నాలుగుసార్లు గట్టిగా రేజు చేస్తే ఆయిలు త్వరగా పైకెక్కుతుంది."

ఇందులో సగం నిజముంది. సగం నిజం పూర్తి అబద్ధం కన్న ప్రమాదకరమని వేరే చెప్పనక్కరలేదు. ఇంజను వేగంగా తిరిగితే ఆయిలు పంపు కూడా వేగంగా తిరిగే మాట నిజం. కాని ఆ ఆయిలు చేరే లోపల ఏం జరుగుతున్నది? స్లో స్పీడులో ఇంజను నిమిషానికి 1000 నుంచి 1400 సార్లు తిరుగుతుంది. సెకనుకు ఇరవై సార్లకు అటూ ఇటూ. రేజు చేసి 6000కు తీసుకొనిపోతే సెకనుకు నూరు సార్లు. ఆయిలు అందని లోహం లోహంతో సెకనుకు ఇరవై సార్లు ఒరుసుకోవడం మేలా, నూరు సార్లు ఒరుసుకోవడం మేలా? స్లో స్పీడులో వదిలేసినా సరే, మంచి స్థితిలో ఉన్న ఇంజనులో కొద్ది సెకన్లలోనే ఆయిలు పైకి చేరుతుంది. ఆ కొద్ది సెకన్లు ఓపిక పట్టలేని తొందర, ఇంజను అరుగుదలను కొని తెచ్చుకొంటున్నది.

వ్యాకోచం మాట కూడా ఇక్కడే చెప్పాలి. మంట తగిలేది పిస్టను తలకు. చల్లని ఇంజను మీద ఒక్కసారిగా భారం వేస్తే ముందుగా వేడెక్కి ఉబ్బేది పిస్టనే. చుట్టూ ఉన్న సిలిండరు ఇంకా చల్లగానే ఉంటుంది. ఉబ్బిన పిస్టనుకు ఉబ్బని సిలిండరులో చోటు చాలదు. పాత రెండు స్ట్రోకుల బళ్ళు నడిపినవారికి 'ఇంజను పట్టేయడం' అంటే ఏమిటో తెలుసు. మెకానిక్కు షాపు పెట్టుకొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు అటువంటి పిస్టనును చేతిలో పెట్టి చూపించాడు. ప్రక్కల మీద నిలువుగా గీతలు, గోళ్ళతో రక్కినట్టు. "ఇది పెట్రోలు చాలక కాదు మాస్టారూ, ఓపిక చాలక" అన్నాడు. నా దగ్గర తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడు. ఆ వాక్యానికి నూటికి నూరు వేయవచ్చును.

రెండవ పూర్వపక్షం: "రేజు చేయకపోతే బండి ఆగిపోతున్నది. ఏం చేయమంటారు?"

ఆగిపోతే, అది జబ్బుకు సూచన. చోకు ఉన్న బండి అయితే చోకు లాగి స్టార్టు చేసి, ఇంజను నిలకడకు వచ్చినాక చోకు వదలాలి. చోకు లాగినా నిలవడం లేదంటే కార్బొరేటరులో మురికి చేరి ఉండవచ్చు, స్లో స్పీడు మర క్రిందికి దిగి ఉండవచ్చు, ప్లగ్గు నల్లబడి ఉండవచ్చు, ఎయిరు ఫిల్టరు మూసుకొని ఉండవచ్చు, వాల్వుల సందు తప్పి ఉండవచ్చు. వీటిలో ఏది సరిచేయించుకోవడానికైనా ఒక పూట చాలు. అది మాని, ప్రతి ఉదయం రేజు చేసి నిలబెట్టుకోవడం, జ్వరం వచ్చిన పిల్లవాడిని బెత్తంతో అదిలించి బడికి తోలడం వంటిది. పిల్లవాడు లేచి నిలబడతాడు, నిజమే. జ్వరం మాత్రం తగ్గదు.

మూడవ పూర్వపక్షం: "రేజు చేయడం తప్పే. మేము రేజు చేయం. పది నిమిషాలు అలా స్లోలో వదిలేస్తాం. పెద్దలు చెప్పినది అదే గదా."

ఈ పక్షంవారు సాత్వికులు. నా వయసు వారిలో చాలామంది ఈ పక్షమే. అందుచేత వీరికి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటి మాట, స్లోలో తిరిగే ఇంజను పుట్టించే వేడి బహు స్వల్పం. బండి మీద భారం లేదు, మండే పెట్రోలు తక్కువ. పది నిమిషాలలో రాని వేడి, నెమ్మదిగా నడిపితే మూడు నాలుగు నిమిషాలలోనే వస్తుంది. రెండవ మాట, చోకు లాగి ఉంచినంతసేపూ పెట్రోలు అవసరానికి మించి సిలిండరులోకి పోతూ ఉంటుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలు పొరను కడిగేసి, రింగుల సందుల నుంచి క్రిందికి దిగి, అడుగునున్న ఆయిలును పలుచబారుస్తుంది. మేలు చేస్తున్నామనుకొన్న పది నిమిషాలు, ఏ పొర కోసం ఆరాటపడుతున్నామో ఆ పొరనే పోగొడుతున్నాయి. మూడవ మాట నీటిది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడి ఇంజనులో అది ఆవిరిగా బయటికి పోతుంది. చల్లని ఇంజనులో కొంత లోపలనే చెమ్మగా నిలుస్తుంది. సైలెన్సరు తుప్పుకూ, ఆయిలు తెల్లబడి మజ్జిగలా మారడానికీ ఇది ఒక కారణం. పది నిమిషాలు స్లోలో పెట్టి, కిలోమీటరు దూరంలోని కూరల బజారుకు పోయి వచ్చి ఆపేసేవారి బళ్ళలో ఇదే జరుగుతుంది.

నాలుగవ మాట మరీ ముఖ్యం. మన బళ్ళలో అధికభాగం గాలితో చల్లబడేవి. సిలిండరు చుట్టూ రెక్కలలాగ ఉండేవి అందుకే. బండి కదులుతుంటే గాలి ఆ రెక్కల మధ్య నుంచి సమంగా పారుతుంది. నిలబెట్టిన బండికి ఆ గాలి లేదు. పైగా వేడెక్కవలసింది ఇంజను ఒక్కటేనా? గేర్లు, క్లచ్చు ప్లేట్లు, చైను, చక్రాల బేరింగులు, టైర్లు, షాకబ్జార్బర్ల ఆయిలు, ఇవన్నీ రాత్రంతా చల్లబడినవే. స్టాండు మీద గంటసేపు ఉంచినా చైనూ టైర్లూ వేడెక్కవు. కదిలితేనే వేడెక్కుతాయి.

పెద్దలు చెప్పిన మాట తప్పా అంటారేమో. వారి కాలపు బళ్ళకు, వారి కాలపు ఆయిళ్ళకు ఆ మాట కొంతవరకు చెల్లింది. బుల్లెట్టు మీద తిరిగిన ఆ తరంవారు స్టార్టు చేసే తీరు చూడవలసినది. డీకంప్రెసరు పట్టి, కిక్కును మెల్లగా తొక్కి, ఆమ్మీటరు ముల్లును నడిమికి తెచ్చి, అప్పుడు డీకంప్రెసరు వదిలి ఒక్క తాపు తన్నేవారు. అదొక సంధ్యావందనం. ఆ శ్రద్ధ మనం నేర్చుకోవలసినది. మనం మాత్రం శ్రద్ధను వదిలి పది నిమిషాల పొగను మాత్రం వారసత్వంగా తెచ్చుకొన్నాం.

నాలుగవ పూర్వపక్షం: "మన దేశం వేడిదేశం. ఇక్కడ ఇంజను కాచడమేమిటి? స్టార్టు చేయడం, పోవడం."

వీరు రెండో కొసన ఉన్నవారు. సెల్ఫు నొక్కిన మరుక్షణం గేటు దాటి, ఆ ఊపులోనే వీధి చివరిదాకా పూర్తి ఎక్సిలేటరుతో దూకేవారు. మనకు వేడిగా తోచేది ఇంజనుకు వేడి కాదు. ఇంజను ఆయిలు తన పని తాను హాయిగా చేసేది తొంభై నూరు డిగ్రీల ప్రాంతంలో. మే నెల ఉదయం 28 డిగ్రీలు మనకు ఉక్క, ఇంజనుకు చలి. డిసెంబరు జనవరులలో అరకులోనూ, లంబసింగిలోనూ, ఆదిలాబాదులోనూ పది డిగ్రీలకు దిగువన తెల్లవారే రోజులుంటాయి. అక్కడి సంగతి చెప్పనే అక్కరలేదు. పెట్రోలుతో తడిసిన చల్లని గోడల మీద, ఆయిలు కోసం చూసే రింగుల మీద, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకొని పూర్తి భారం మోపడం ఇంజనుకు చేయగల అపకారాలలో మొదటిది.

ఐదవ పూర్వపక్షం: "మాది కొత్త బండి. అందులో కంప్యూటరున్నది. అదే అన్నీ చూసుకొంటుంది."

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాత వచ్చిన బళ్ళలో అత్యధికం కార్బొరేటరు మాని, పెట్రోలును ఇంజెక్షను పద్ధతిలో ఇచ్చేవి. చోకు లేదు. ఇంజను చల్లగా ఉన్న సంగతి సెన్సారు తెలుపుతుంది, కంప్యూటరు దానికి తగినంత పెట్రోలు ఇస్తుంది, స్లో స్పీడును కాసేపు తానే పెంచి ఉంచుతుంది. అందువల్ల ఇటువంటి బండికి రేజు చేయవలసిన అవసరం సున్న. అంతవరకు వారి మాట ఒప్పుకొంటాను. అయితే కంప్యూటరు పెట్రోలును సరిదిద్దగలదు గాని, చిక్కని ఆయిలును పలుచన చేయలేదు, అల్యూమినియానికీ ఇనుముకూ ఉన్న తేడాను చెరిపేయలేదు. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు కూడా సుమారు 250, 300 డిగ్రీలకు చేరితే గాని పని మొదలుపెట్టదు. అందాకా వెలువడే పొగ కొత్త బండిదైనా శుద్ధి కాని పొగే. స్లోలో నిలబెట్టినంతసేపూ ఆ కన్వర్టరు వేడెక్కడం ఆలస్యమవుతూనే ఉంటుంది.

చివరి పూర్వపక్షం: "మా బండి, మా పెట్రోలు, మా ఇష్టం."

మా రెండవ అంతస్తు యువకుడు నాతో అన్నది ఇంచుమించు ఇదే. చాలా మర్యాదగానే అన్నాడు. "మాస్టారూ, ఇది బుల్లెట్టండీ. ఆ మాత్రం రేజు ఇవ్వకపోతే ఇంజను పాడవుతుంది. అయినా నా బండేగా." "బాబూ, బండి నీదే. గాలి ఎవరిది?" అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. నవ్వి ఊరుకొనే విషయమా ఇది?

చల్లని ఇంజనులో పెట్రోలు పాలు ఎక్కువ, గాలి పాలు తక్కువ. గాలి చాలక మండిన మంట నుంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనే దానికి రెండు వందల రెట్లకు పైగా బలంగా ఈ విషవాయువును పట్టుకొంటుంది. మూసిన గదిలోనో, నేలమాళిగలోనో ఇంజను నడిస్తే అది ప్రాణాంతకం. మా పార్కింగు వంటివి ప్రక్కలు తెరచి ఉంటాయి గనుక అంతటి అపాయం ఉండకపోవచ్చు. కాని బండి వెనుక మూడు నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఒకే ఒక్క కిటికీ లోపల, చాప మీద నిద్రపోతున్న పిల్లవాడికి బయటి గాలి అంటే ఆ పొగే. వరసగా పది బళ్ళు, రెండు గంటలు, ఏడాదిలో మూడు వందల రోజులు. పైగా గుంటూరు, హైదరాబాదు, విశాఖ, ఎక్కడి అపార్టుమెంటులోనైనా సరే, ఆ గది కట్టేది పార్కింగులోనే. ఉన్న స్థలంలో ఏది ఫ్లాటుగా అమ్ముడుపోదో అది వాచ్‌మన్ ఇల్లు.

శబ్దం మాట కూడా వినండి. మన దేశపు 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాలలో రాత్రి పది మొదలు ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెళ్ళు, పగలు 55. ఐదున్నరకు సైలెన్సరు మార్పించిన బండిని పార్కింగు స్తంభాల మధ్య రేజు చేసేవాడు ఏ పరిమితిలో ఉన్నట్టు? యంత్రాలంటే ప్రాణమిచ్చే జర్మనీలో రోడ్డు నియమావళి 30వ విభాగం, వాహనం ఇంజనును అనవసరంగా నడుపుతూ ఉంచడాన్ని నిషేధిస్తుంది. స్టాండు మీద కాస్తేనే ఇంజను బ్రతుకుతుందన్నది నిజమైతే, ఇంజన్లు చేసి ప్రపంచానికి అమ్మే దేశం తన చలిలో అటువంటి నియమం పెట్టుకొంటుందా?

ఇక సిద్ధాంతం.

ఇంజనును కాచవలసినది స్టాండు మీద కాదు, దారి మీద. అరనిమిషం నిలకడ, ఆ తరువాత రెండు మూడు కిలోమీటర్ల నిగ్రహం. ఇంతే నా వాదం. మేము బడిలో మొదటి గంట నడిపే తీరు ఇదే. గంట కొట్టగానే కొత్త పాఠం ఎత్తుకోము. హాజరు పట్టీ పిలుస్తాము. అది స్లో స్పీడు. తరువాత నిన్నటి పాఠం నెమ్మదిగా నెమరు వేయిస్తాము. అది తొలి మూడు కిలోమీటర్లు. అప్పుడు కొత్త పద్యం. హాజరు పట్టీనే గంటసేపు పిలిచే అయ్యవారు పాఠం చెప్పినట్టు కాదు. హాజరు వేయకుండా కొత్త పద్యం ఎత్తుకొనే అయ్యవారి పాఠం ఎవరికీ అందదు. పాత కాలపు రైతుకు కూడా ఇది తెలుసు. కొట్టం నుంచి విప్పిన ఎద్దులను కాడి కట్టగానే ముల్లుగర్రతో పొడిచి పరుగు పెట్టించేవాడు కాదు. ఊరు దాటేదాకా నడకే.

చేయవలసిన విధిని క్రమంగా చెబుతాను. ఇష్టమైనవారు వ్రాసిపెట్టుకోవచ్చు.

1. బండిని స్టార్టు చేయకుండానే పార్కింగు బయటికి, కనీసం గేటు దగ్గరికి, నెట్టుకొని రండి. బుల్లెట్టు బరువంటారా? వ్యాయామశాలకే గదా పోతున్నారు, వ్యాయామం అక్కడే మొదలైనదనుకోండి. నెట్టలేని వృద్ధులు, స్త్రీలు ఉంటారు. వారు సైలెన్సరు కిటికీ వైపు కాకుండా బండిని రాత్రే తిప్పి నిలిపితే చాలు.

2. కిక్కు ఉన్న బండి అయితే, తాళం తిప్పకముందే క్లచ్చు పట్టి రెండు మూడుసార్లు కిక్కును మెల్లగా తొక్కండి. రాత్రి అతుక్కొన్న క్లచ్చు ప్లేట్లు విడివడతాయి. మొదటి గేరు వేసేటప్పుడు 'ఠక్'మని కుదుపు రాదు.

3. హెల్మెట్టు పెట్టుకోవడం, సంచి తగిలించుకోవడం, ఫోను జేబులో వేసుకోవడం, ఇవన్నీ స్టార్టు చేయకముందే కానివ్వండి.

4. న్యూట్రలులో, ఎక్సిలేటరు ముట్టకుండా స్టార్టు చేయండి. కార్బొరేటరు బండికి చలిలో చోకు లాగండి. ఎండాకాలంలో చాలామటుకు చోకు అవసరమే ఉండదు.

5. ఇంజను శబ్దం నిలకడకు వచ్చేదాకా ఆగండి. కొత్త బండికి ఇరవై, ముప్పై సెకన్లు. కార్బొరేటరు బండికి నిమిషం లోపల. అరకు చలిలోనైతే మరికాస్త. తరువాత చోకు వదలండి. చోకు లాగి ఉంచి ఊరంతా తిరిగేవారున్నారు, పెట్రోలు బంకువారికి మేలు చేయడానికి.

6. కదలండి. తొలి రెండు మూడు కిలోమీటర్లు ఎక్సిలేటరు సగానికి మించి తిప్పకండి. అలాగని పై గేరులో ఈడ్పించకండి. భారం మీద గుడగుడలాడే ఇంజనుకు అది కూడా హింసే. గేర్లు వరుసగా, మెల్లగా మార్చండి. టైర్లు ఇంకా చల్లగా ఉన్నాయని మలుపుల దగ్గర గుర్తుంచుకోండి.

7. ఆయిలును కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే, చెప్పిన దూరానికి మార్పించండి. చలికాలపు స్టార్టింగు తగవులలో సగం పాత ఆయిలువే.

ఏడు సూత్రాలు. పాణిని నాలుగు వేల సూత్రాలు చేశాడు, మనం ఏడింటిని పాటించలేమా?

అపార్టుమెంటు సంఘాలవారికి ఒక మనవి. లిఫ్టులో ఏం చేయకూడదో, మేడ మీద బట్టలు ఎక్కడ ఆరవేయకూడదో బోర్డులు వ్రాసి పెడతారు గదా. 'పార్కింగులో ఇంజను నిలబెట్టి వేడిచేయరాదు' అని ఒక బోర్డు పెట్టండి. వాచ్‌మన్ గది కిటికీ ఎదుట ఉన్న రెండు స్థలాలను బళ్ళకు కాక సైకిళ్ళకు కేటాయించండి. ఖర్చు లేని పని. మా సంఘం సమావేశంలో ఈ రెండూ ప్రస్తావించాను. "చూద్దాం మాస్టారూ" అన్నారు. చూసేదాకా నేను అడుగుతూనే ఉంటాను. హాజరు పిలవడం అలవాటైన నోరు గదా.

ఇంజను పాడైతే బోరు చేయించవచ్చు, పిస్టను మార్పించవచ్చు, మరీ కాకపోతే బండే మార్చవచ్చు. ఆ కిటికీ వెనుక ఉన్న ఊపిరితిత్తులకు విడిభాగాలు ఏ షాపులోనూ దొరకవు. ఇంజను మీది ప్రేమతో చేసే పని ఇంజనుకే మేలు చేయనప్పుడు, ఆ పిల్లవాడు ఎవరి కోసం దగ్గుతున్నట్టు?

బండి నడిపే మిత్రులు, ముఖ్యంగా చలిదేశాలలో నడిపేవారు, తమ అనుభవం తెలియజేయగలరు. ఖండించదలచినవారు నిర్మొహమాటంగా ఖండించవచ్చు. ఖండనలో ఎంత వేడి ఉన్నా అభ్యంతరం లేదు. పొగ మాత్రం వద్దు.